ఉపేక్షించేది లేదు

సెలీనా టీచరుకు తెలుగులో ఒక మాటంటే ఒళ్ళుమంట. అది తిట్టు కాదు, బూతు కాదు. భౌతికశాస్త్రం పుస్తకాల్లో పేజీ పేజీకీ మర్యాదగా కూర్చుని ఉండే మాట: "ఉపేక్షించవచ్చు". గాలి నిరోధాన్ని ఉపేక్షించవచ్చు. తాడు బరువును ఉపేక్షించవచ్చు. లెక్క తేలిక కావడానికి పుస్తకం రాసినవాళ్ళు చేసుకున్న ఏర్పాటది, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఆ సంగతి ఆవిడకు మనకన్నా బాగా తెలుసు. అయినా ఆ మాట ఎదురైన ప్రతిసారీ, బస్సులో ఎవరో భుజంతో పక్కకు నెట్టినట్టు ముఖం చిట్లించేది.

నెట్టినవాళ్ళు లేకపోలేదు మరి. బాపట్లలో పదో తరగతి పాసైనప్పుడు ఆడపిల్లకు లెక్కల గ్రూపు దేనికని చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి సలహాలిచ్చారు. రైలు పట్టాల మీద పనిచేసే ఆవిడ తండ్రి "అది అడిగింది, నేను చేర్పిస్తున్నాను" అని ఒక్క ముక్కలో అందరి నోళ్ళూ మూయించాడు. తండ్రి దగ్గర నుంచి ఆవిడకు వచ్చిన ఆస్తి ఆ మొండితనమొక్కటే. ఎమ్మెస్సీ చేసింది. నతానియేల్‌ను పెళ్ళాడింది. అతనికి గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రాగానే ఇద్దరూ హైదరాబాదు చేరారు. మియాపూర్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఆవిడ ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పింది. ఇద్దరూ కలిసి ఖాళీగా కూర్చున్న ఆదివారాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ కాలేజీలో ఒకనాడు డీన్ గారు ఆవిడ క్లాసు గుమ్మంలో నిలబడి, పిల్లలందరూ వింటుండగానే, "మేడమ్, గ్రావిటేషన్‌కు ఎన్ని రోజులు తీసుకుంటారు? దానికి వెయిటేజీ చాలా తక్కువ" అన్నాడు.

"గురుత్వాకర్షణకే బరువు లేకపోతే ఇంక దేనికుంటుందండీ?" అంది సెలీనా.

క్లాసు గొల్లున నవ్వింది. డీన్ గారు మాత్రం నవ్వలేదు. నెల తిరక్కుండా ఆవిడ సెక్షన్‌ను పక్క సెక్షన్‌లో కలిపేశారు. "మీ స్ట్రెంత్ నెగ్లిజిబుల్ మేడమ్" అని కారణం చెప్పారు. నెగ్లిజిబుల్‌కు తెలుగేమిటో ఆవిడకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, సంచీ భుజాన వేసుకుని వచ్చేసింది. వీడ్కోలు సభ పెడతామంటే వద్దంది.

నార్సింగిలో వాళ్ళు అద్దెకుండే మారుతీ నెస్ట్ అనే అపార్టుమెంటు పాతది. చుట్టూ ముప్పై, నలభై అంతస్తుల టవర్లు లేచాక, అది పెద్దవాళ్ళ మధ్య నిలబడ్డ బడిపిల్లలా అయింది. దాని సెల్లార్‌లో డ్రైవర్ల కోసమని కట్టి, ఎవరూ వాడకుండా వదిలేసిన గది ఒకటుంది. పాత కమిటీ వాళ్ళను అడిగి ఆ గదిని సెలీనా బడి చేసింది. చుట్టుపక్కల వాచ్‌మన్ల పిల్లలు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళ పిల్లలు, సర్కారు కాలేజీల్లో ఇంటర్ చదివేవాళ్ళు సాయంత్రాలు అక్కడికి వచ్చేవారు. వాళ్ళలో చాలామందికి ఇల్లంటే రేకుల గదే. కూర్చుని చదువుకోవడానికి వాళ్ళకున్న చోటు ఈ సెల్లార్ ఒక్కటే.

మారుతీ నెస్ట్ వాచ్‌మన్ భార్య జయమ్మ కూతురు నవ్య అందులో గట్టి పిండం. నోటికి అడ్డూ అదుపూ లేదు, బుర్రకు అలుపు లేదు. ఇద్దరు మనుషుల మధ్య ఉండే గురుత్వాకర్షణ బలం లెక్కగట్టమని ఒక సాయంత్రం సెలీనా చెప్పింది. నవ్య తన బరువు నలభై కిలోలనుకుంది, పక్కపిల్లదీ నలభయ్యే అనుకుంది, మధ్య దూరం అర మీటరు వేసుకుంది. రెండు ద్రవ్యరాశులనూ గుణించింది, దూరాన్ని వర్గం చేసి భాగించింది, ఆ వచ్చినదాన్ని జీ అనే స్థిరాంకంతో గుణించింది. జవాబు చూసి పెన్సిల్ కింద పెట్టేసింది.

"టీచర్, సున్నా పాయింట్ తర్వాత ఆరు సున్నాలొచ్చినయ్. ఆ తర్వాత నలభైమూడు. తప్పు చేసిన్నా?"

"చేయలేదు. అంతే వస్తుంది. న్యూటన్లలో."

"గదెంతుంటది టీచర్?"

"దోమ తెలుసుగా? దాని బరువులో యాభయ్యో వంతు కూడా ఉండదు."

పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్య నవ్వలేదు. పుస్తకం తిప్పి చూపించింది. "మనుషుల మధ్య ఉండే ఈ బలాన్ని ఉపేక్షించవచ్చు" అని అందులో అచ్చేసి ఉంది.

"గింత తక్కువుంటే ఉన్నట్టా, లేనట్టా టీచర్?"

"ఉన్నట్టే."

"ఎవరన్నా సూసిన్రా? మీరు సూసిన్రా?"

ఇన్నేళ్ళలో సెలీనా టీచరును ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆవిడ చూడలేదు. ఆవిడకు చెప్పిన లెక్చరరూ చూసి ఉండడు. సూత్రం రాశారు, రాయించారు, మార్కులేశారు. ఆవిడకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెంటనే కోపంగా మారింది, ఎందుకంటే ఆవిడ దగ్గర ఏ భావమైనా కాసేపటికి కోపంగానే తేలుతుంది.

"చూడలేదు. చూపిస్తాను" అంది.

అన్నంత తేలిక కాదది. భూమి మనల్ని లాగుతోందని చూపించడానికి చెయ్యి వదిలేస్తే చాలు, సుద్దముక్క కింద పడుతుంది. బల్ల మీది రెండు వస్తువులు ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయని చూపించాలంటే గాలి కదలకూడదు, నేల అదరకూడదు, మనిషి తుమ్మకూడదు. సెలీనా పాత పుస్తకాలు తిరగేసి పద్ధతి పట్టుకుంది. ఒక చెక్క బద్దకు రెండు చివరలా కిలో చొప్పున సీసం గుండ్లు కట్టింది. బద్దను సరిగ్గా నడుమ పట్టుకుని పైకప్పు కొక్కేనికి వేలాడదీసింది. వేలాడదీసిన తీగ వాళ్ళ చర్చి క్వైరులో గిటారుకు వాడే తీగల్లోకల్లా సన్నది. గాలి తగలకుండా చుట్టూ పెద్ద టీవీ వచ్చిన అట్టపెట్టె నిలబెట్టింది. బద్ద మధ్యలో చిన్న అద్దంముక్క అంటించి, పెట్టెకు చేసిన కంతలోంచి దాని మీదికి ఎర్ర లేజర్ లైటు కొట్టింది. ఆ వెలుగు అద్దం మీద పడి వెనక్కి తిరిగి ఎదుటి గోడ మీద ఎర్రచుక్కై నిలిచింది. బద్ద వెంట్రుకవాసి తిరిగినా గోడ మీద చుక్క కంటికి కనపడేంత జరుగుతుంది. ఇక పెట్టె బయట, బద్ద కొసల పక్కన, పెద్ద బరువులు పెట్టాలి. పాత ఇనుప సామాన్ల దుకాణంవాడి చేత సీసం కరిగించి రెండు పెద్ద ముద్దలు పోయించింది. పిల్లల తలకాయంత ఉన్న ఆ ముద్దల్ని మోయడానికి నతానియేల్‌కు నడుం పట్టేసింది.

"ఇంత బరువులు పెట్టి అంత చిన్నదాన్ని వెతకడం నీకే చెల్లింది సెలీనా" అన్నాడాయన నడుం నొక్కుకుంటూ.

చుక్క ఒక్కనాడూ మాట వినలేదు. పక్క ప్లాటులో ఇంకో టవరుకు పునాది తవ్వుతున్నారు. నార్సింగి నేలంతా రాయి కాబట్టి రోజూ మందుగుండు పెట్టి పేలుస్తారు. పేలిన ప్రతిసారీ గోడ మీద ఎర్రచుక్క పిచ్చెక్కినట్టు గంతులేసేది. అది కుదుటపడేలోగా రింగురోడ్డు నుంచి కంకర లారీ వచ్చేది. పెట్టెలోకి గాలి ఎక్కణ్ణుంచి దూరుతోందో కనిపెట్టడానికి సెలీనా అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూస్తూ ఉండేది. కిటికీ మూసి, లైటు తీసేసి, చీకట్లో ఊపిరి బిగపట్టి నిలబడేది.

సరిగ్గా అలా నిలబడ్డప్పుడే జయమ్మ కూతురి కోసం వచ్చి తలుపు సందులోంచి చూసింది. చీకటి గది. అగరుబత్తి పొగ. తీగకు వేలాడుతున్నదేదో, దానికి రెండు వైపులా నల్లటి ముద్దలు. గోడ మీద ఎర్రగా మెరిసే కన్ను. మధ్యలో బొమ్మలా కదలకుండా టీచరమ్మ. చర్చికి వెళ్ళే మనిషి అగరుబత్తి వెలిగించడమేమిటి? జయమ్మ పుట్టిన ఊళ్ళో ఇలాంటివాటికి ఒక పేరుంది. ఆమె వెనక్కి వెనక్కి నడిచి, మెట్లెక్కి, నేరుగా మూడో అంతస్తుకు పోయింది.

మూడో అంతస్తులో ఉండే మధుసూదన్ అపార్టుమెంటు అసోసియేషన్ ప్రెసిడెంటు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి కోకాపేట చుట్టుపక్కల ప్లాట్ల వ్యాపారంలో నిలదొక్కుకున్నవాడు. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. అతని తల్లి చెన్నమ్మకు కొద్ది రోజులుగా జ్వరం వచ్చిపోతోంది. జయమ్మ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేసింది.

"బాణామతే అమ్మా. నా రెండు కండ్లతోని సూసిన. నా పోరిని గుడ గుంజుకుంటున్నది. ఇంటికొచ్చినా గదే ముచ్చట, గుంజుడు, గుంజుడు అంటది."

గురుత్వాకర్షణ మీద ఒక పిల్ల ఇంట్లో మాట్లాడితే దాన్ని తల్లి ఇలా అర్థం చేసుకుంది. జయమ్మను తప్పుపట్టి లాభం లేదు, "ఆకర్షణ" అనే మాటతో మన దగ్గర జరిగే వ్యాపారమంతా వశీకరణాలదే మరి.

మర్నాటికల్లా చేతబడి అనే మాట అపార్టుమెంటంతా పాకి సెలీనా చెవిన కూడా పడింది, సెల్లార్ గది తలుపు మీద నోటీసు వెలిసింది. మధుసూదన్ మామూలుగా మాట్లాడేటప్పుడు అచ్చమైన సీమ మనిషే గానీ, నోటీసు రాయాల్సి వచ్చిందంటే అధికారుల తెలుగు పూనుతుంది. "సెల్లార్ నందు కొందరు అద్దెదారులు నివాసితులకు భయాందోళనలు కలుగజేయు కార్యకలాపములు సాగించుచున్నట్లు కమిటీ దృష్టికి వచ్చినది. ఆదివారం లోపు గది ఖాళీ చేసి తాళము అప్పగించవలెను. ఇట్టివాటిని ఎంతమాత్రము ఉపేక్షించేది లేదు."

సెలీనా చివరి మాట దగ్గర ఆగిపోయింది. రెండోసారి చదివింది. ఒక్కసారిగా నవ్వొచ్చింది. తలుపు పట్టుకుని కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఆ బలం గురించి ఇంత గట్టిగా చెప్పినవాణ్ణి ఆవిడ జీవితంలో చూడలేదు. పుస్తకాలన్నీ ఉపేక్షించవచ్చంటే ఈ మహానుభావుడొక్కడు ఉపేక్షించేది లేదన్నాడు!

నవ్వు అయిపోయాక మాత్రం గది వైపు చూసింది. పిల్లలు ఎక్కడ కూర్చుంటారు? ఆ ఆలోచన రాగానే ఆవిడ నోటీసు చించకుండా, మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. మధుసూదన్ లిఫ్టు దిగేసరికి ఎదురుగా ఉంది. ఆఫీసులకు పోయేవాళ్ళు నలుగురైదుగురు అక్కడే ఉన్నారు.

"అది చేతబడి కాదండి. అది పిల్లల పాఠం. వచ్చి చూడండి."

"నాకేం అట్లాంటి నమ్మకాల్లేవు మేడమ్" అన్నాడు మధుసూదన్, ఒక అడుగు వెనక్కేసి. "మా అమ్మ నిద్ర పోవడంల్యా. అయినా మీరు బాడుగకుండేవాళ్ళు. కమిటీలో మీకు ఓటు గూడా ల్యా. ఏంటికి మేడమ్ ఇదంతా?"

"ఓటు లేదు, నోరుంది కదండీ. ఆదివారం పొద్దున అందరూ దిగిరండి. మధ్యలో ఏ దారమూ లేకుండా రెండు వస్తువులు ఒకదాన్నొకటి లాక్కోవడం మీ కళ్ళతో చూద్దురుగాని. కదలకపోతే తాళం నేనే మీ చేతిలో పెడతాను. కదిలితే గది పిల్లలది. మళ్ళీ ఎవరూ అడగకూడదు."

చుట్టూ నలుగురున్నారు, ప్రెసిడెంటు వెనక్కి తగ్గలేడు. "సరే. ఆదివారం" అన్నాడు.

పైకి వచ్చాక సెలీనా పాత పుస్తకాలు మళ్ళీ ముందేసుకుంది. చుక్క ఇంతవరకూ ఒక్కసారీ చెప్పినట్టు కదిలి చూపించలేదు మరి. ఆదివారమే ఎందుకన్నదంటే ఆ రోజు పక్క ప్లాటులో పేలుళ్ళుండవు, లారీలు రావు. ఇన్నేళ్ళలో ఆవిడ ఆదివారం ఆరాధన మానలేదు.

"పాస్టరుగారు అడిగితే ఏం చెప్పమంటావు?" అన్నాడు నతానియేల్.

"దేవుడు పెట్టిన నియమాన్నే చూస్తోందని చెప్పండి."

ఆదివారం పొద్దున గది తలుపు తీసేసరికి సీసం ముద్దలు లేవు.

బద్ద ఉంది, తీగ ఉంది, పెట్టె ఉంది. ముద్దలుండే చోట నేల మీద పసుపు, చిటికెడు కుంకుమ. సెలీనా వెనక్కి తిరిగింది. గుమ్మంలో జయమ్మ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక నవ్య.

"మా కాడున్న తాళంచెవితోని తీసి నేనే పారేసిన" అంది జయమ్మ. "బాజు ప్లాటు గుంతల ఏసిన. రాత్రే ఆ గుంతల సిమెంటు పోసిన్రు. నన్ను ఏమన్న అను టీచరమ్మా. నా పోరిని మాత్రం ఇడిసిపెట్టు."

"అమ్మా!" అని నవ్య అరిచింది.

సెలీనాకు కోపం ముంచుకొచ్చింది. ఆ మనిషిని భుజాలు పట్టుకుని ఊపేయాలనిపించింది. కానీ జయమ్మ అప్పటికే కూతురికి అడ్డంగా జరిగి నిలబడింది. అంత బరువును ఒక్కత్తీ మోసుకెళ్ళి, కూతురికి పట్టిందనుకున్న దయ్యాన్ని తన చేతుల్తో గోతిలో పడేసిన తల్లి ఆమె. ఆ తెగువ సెలీనాకు తెలియనిది కాదు.

"నీ కూతురడిగిన ప్రశ్నకు జవాబది జయమ్మా. దాన్ని సిమెంటులో పూడ్చావు" అంది. "సర్లే. కూర్చో. నువ్వూ చూడు."

అప్పటికే మెట్ల మీద చెప్పుల చప్పుడు. మధుసూదన్ ముందు, కుర్చీ మోయించుకుంటూ చెన్నమ్మ, వెనక ఫ్లాట్లవాళ్ళు. చాలామంది ఐటీ ఉద్యోగులు, ఆదివారం పొద్దున నిద్ర చెడిన ముఖాలు. సంగతి విని మధుసూదన్ చెయ్యి చాచాడు.

"ముద్దల్లేవంటే ఇంక చూపించేదేముంది మేడమ్? తాళమియ్యండి."

సెలీనా తాళం చెవి పిడికిట్లో బిగించింది. అతని భుజం మీదుగా ఆవిడ చూపు సెల్లార్‌లోకి పోయింది. లిఫ్టు పక్కన, పొద్దున్నే ఆటోవాడు దించిపోయిన మంచినీళ్ళ క్యాన్లు, ఇరవై లీటర్లవి, మూతల సీలు కూడా విప్పకుండా వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో ఫ్లాటు నంబరు.

"బలం సీసంలో లేదండి" అంది. గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది. "నేను పోయించిన ముద్దల్లో లేదు, నేను వెలిగించిన అగరుబత్తిలో లేదు. బరువుంటే చాలు, ఏదైనా లాగుతుంది. మీ నీళ్ళ క్యానైనా లాగుతుంది. నేను ముట్టుకోను. మీరే తెచ్చి పెట్టండి."

ఎవరూ కదల్లేదు. చెన్నమ్మ చేతికర్రతో నేల మీద టకటకా కొట్టింది. "ఒరే అబ్బోడా, మన క్యాను తేరా. ఆయమ్మ ఏం చేస్తాదో సూస్తాం."

మధుసూదన్ క్యాను తెచ్చాడు. రెండో క్యాను ఐదో అంతస్తు వాళ్ళది. సెలీనా చూపించిన చోట ఒకటి బద్దకు ఈ కొస ముందు, ఇంకొకటి ఆ కొస వెనక పెట్టించింది, రెండూ బద్దను ఒకే వైపు తిప్పేలాగా. అంతకుముందే చుక్క నిలిచిన చోట గోడ మీద పెన్సిల్‌తో గీత గీసింది. అందర్నీ గుమ్మం వైపు గోడ దాకా వెనక్కి పంపింది.

"దగ్గరికి రావద్దండి. మీకూ బరువుంది. మీరూ లాగుతారు. ఫోన్లు చూసినా సరే గానీ కదలొద్దు. నవ్యా, లెక్క చెప్పు."

నవ్య లేచి నిలబడింది. "క్యాను ఇరవై కిలోలు. లోపలి గుండు ఒక కిలో. ఈ నడుమకెంచి ఆ నడుమకు ఇరవై సెంటీమీటర్లు. సున్నా పాయింట్ తర్వాత ఏడు సున్నాలు, ఆ తర్వాత ముప్పైమూడు న్యూటన్లు."

"అంటే సున్నానే గదా?" అన్నాడు వెనక ఎవరో కుర్రాడు. నవ్య అతని వైపు చూసిన చూపు సెలీనాకు కూడా చేతకాదు.

లైటు ఆర్పారు. ఎర్రచుక్క గీత మీదే ఉంది. అక్కడే ఉంది. ఇంకా అక్కడే ఉంది. ప్రతి పనీ సెకనులో అయిపోవాలని రోజంతా కంప్యూటర్లను తిట్టే మనుషులు గోడ మీది చుక్కను చూస్తూ కూర్చోవలసి వచ్చింది. ఒకాయన దగ్గు ఆపుకున్నాడు. మధుసూదన్ గట్టిగా నిట్టూర్చాడు. సెలీనా ప్రార్థన చేయలేదు. చేయకూడదని పంతం పట్టింది. నియమం నియమమైతే దానికి తన ప్రార్థనతో పనిలేదు.

"కదిలెరా" అంది చెన్నమ్మ.

చుక్క గీతను వదిలింది. ఎవరూ తోయకుండా, ఎవరూ ఊదకుండా, తీరిగ్గా, నిదానంగా, ఎడమకు జరుగుతోంది. గీతకూ చుక్కకూ మధ్య గోధుమగింజ పట్టేంత సందొచ్చింది. తర్వాత ఇంకొంచెం. గదిలో ఎవరో "అమ్మో" అన్నారు. జయమ్మ నవ్య చెయ్యి పట్టుకుంది.

మధుసూదన్ లేచాడు. దీంట్లో ఏదో మోసముందనుకుంటూ పెట్టె మీదికి పోయాడు. అతను రెండడుగులు వేసేసరికి గదిలో సగంమంది ఒక్కసారే కేకలు పెట్టారు. అందరికన్నా పెద్ద కేక అతని తల్లిది.

"ఎనక్కి రారా! నువ్వు లాగుతాండావు!"

అంత మనిషీ ఉన్నచోటే ఆగిపోయాడు. నూటపది కిలోల తన శరీరాన్ని కిందికి ఒకసారి చూసుకున్నాడు. ప్లాట్లు అమ్మాడు, కొన్నాడు, మనుషుల్ని అదిలించాడు గానీ, ఊరికే నిలబడితే చాలు, తాను లోకాన్ని లాగుతానని అతనికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. మెల్లగా వెనక్కి వచ్చి కూర్చున్నాడు. కానీ ఓడిపోయే రకం కాదు.

"ఇది గాలికి గూడా జరగొచ్చు గదా. క్యాన్లు మార్చండి. నేను చెప్పినవి పెట్టండి, ఆ పక్కకు పెట్టండి."

"మీరే పెట్టండి" అంది సెలీనా.

తనే వెళ్ళి వేరే ఫ్లాట్ల క్యాన్లు రెండు ఏరుకొచ్చాడు, సీళ్ళు చూశాడు, ఇందాకటికి ఎదురు వైపు పెట్టాడు. మళ్ళీ చీకటి. మళ్ళీ నిశ్శబ్దం. ఈసారి నిట్టూర్పులు లేవు. చుక్క కాసేపు తడుముకుని, తిరుగుముఖం పట్టింది. పెన్సిల్ గీత దగ్గరికొచ్చింది, దాటింది, కుడివైపుకు పోయింది. ఇందాకటికన్నా దూరం పోయింది. సెలీనా టీచరు ఏడుస్తోంది. ఇన్నేళ్ళు సుద్దముక్కతో రాసిన సూత్రం గోడ మీద తనంతట తను నడుస్తుంటే ఏడవకుండా ఎవరుంటారు?

లైటు వేశాక మధుసూదన్ గోడ దగ్గరికెళ్ళి కొలిచి చూశాడు. "ఇంతేనా మేడమ్? రెండు వేళ్ళంత గూడా ల్యా. దీనికింత రచ్చా?"

"అంతేనండి" అంది సెలీనా కళ్ళు తుడుచుకుంటూ. "అది అంతే ఉంటుంది. అంతకన్నా పెద్దదిగా కనపడాలని నేనెప్పుడూ అడగలేదు. లేదనడానికి మాత్రం వీల్లేదు. మీరు నోటీసులో రాసింది నేను ఈ పిల్లలకు రోజూ చెప్పే పాఠమేనండి. ఎంత చిన్నదైనా సరే, ఉపేక్షించేది లేదు. గది ఖాళీ చెయ్యను."

"రూల్సని కొన్నుంటాయి గదా మేడమ్..."

"మాటిచ్చినావు గదరా" అంది చెన్నమ్మ. "ఆయమ్మ సూపించింది. ఇంగ పద, ఆకలైతాంది."

ఆకలి పేరెత్తేసరికి అతని తల్లి జ్వరం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మధుసూదన్ తన క్యాను భుజానికెత్తుకున్నాడు, తాళం అడగలేదు. పోతూ పోతూ తలుపు మీది నోటీసు పీకబోతే సెలీనా చెయ్యి అడ్డం పెట్టింది.

"అది ఉండనివ్వండి. నాకు పనుంది."

అందరూ వెళ్ళాక కత్తెర తెచ్చి నోటీసు చివరి రెండు మాటలు కత్తిరించింది. మిగతాది నలిపి బుట్టలో వేసింది. ఆ ముక్కను గోడ మీద పెన్సిల్ గీత పక్కన అంటించింది.

జయమ్మ ఇంకా వెళ్ళలేదు. పెట్టె దగ్గరికి రావాలా వద్దా అన్నట్టు నిలబడి ఉంది.

"టీచరమ్మా, బరువున్నదేదన్నా గుంజుతదంటివి. మరి నేను గుడ గుంజుతనా?"

"ఎందుకు లాగవు? నవ్యా, మీ అమ్మ బరువెంత?"

"యాభై ఉంటది టీచర్." నవ్య అప్పటికే కాగితం మీద వేసేస్తోంది. తల్లి యాభై, తను నలభై, మధ్య అర మీటరు. రాసి తల్లికి చూపించింది. జయమ్మకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. పాయింట్ తర్వాత వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది.

"గిన్ని సున్నాలా?"

"సున్నాలు చూడకు జయమ్మా" అంది సెలీనా. "చివర ఉన్నది చూడు."

జయమ్మ చివరిదాకా వేలు జరిపి యాభైమూడు దగ్గర ఆపింది. చాలాసేపు ఆ అంకె మీదే వేలు ఉంచింది. తర్వాత తలెత్తి, గోడ మీద కొత్తగా అంటించిన ముక్కను చూపిస్తూ, గదేం రాసున్నదని కూతుర్ని అడిగింది.

నవ్య చదివి వినిపించింది.